గోదాంలో రాక్షసుడుగారు

ఆ ఆఫీసులో ఆయన్ని అందరూ రాక్షసుడుగారనే పిలుస్తారు. "రాక్షసుడుగారూ, టీ వచ్చింది", "రాక్షసుడుగారూ, ఆ స్టూలు కాస్త ఇటు జరపండి", "రాక్షసుడుగారికి జలుబు చేసిందట, ఇవాళ రారు" అని చాలా మామూలుగా అనుకుంటారు. కొత్తగా చేరినవాళ్ళు మొదటిరోజు ఉలిక్కిపడతారు, రెండోరోజుకి వాళ్ళూ అదే పిలుపు ఎత్తుకుంటారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆయనకి ఒకటి లేకపోలేదు. అది హాజరుపట్టీలో తప్ప ఎక్కడా పనికిరాలేదు.

నిజానికి ఆయనది గోదాం గుమాస్తా ఉద్యోగం. ఆ ఆఫీసు పిల్లల బొమ్మల పుస్తకాలు వేసే చిన్న ప్రచురణ సంస్థ. మేడ మీద గదులు, నేలమాళిగలో గోదాం. అచ్చయి వచ్చిన పుస్తకాల్ని కట్టలు కట్టడం, దొంతర్లుగా పేర్చడం, దుకాణాలకి పంపడం, అమ్ముడుపోక తిరిగొచ్చినవాటిని దుమ్ము దులిపి, బుజ్జగించి మళ్ళీ చోటు చూపించడం ఆయన పని. మనిషి ద్వారబంధం నిండా ఉంటాడు. కనుబొమలు రెండూ మధ్యలో కలుసుకుని ఒకటే అయిపోయాయి. మీసాలు చెంపల దాకా వెళ్ళి, అక్కడ కాస్త ఆలోచించుకుని పైకి తిరిగాయి. గొంతు విప్పితే పక్కగదిలో కప్పులు కదులుతాయి. ఇంత ఆకారంలో కాపురముంటున్నది మాత్రం నోట్లో వేలు పెట్టినా కొరకలేని మనిషి. గోదాంలో బల్లి కనిపిస్తే చాలు, ఆయన గబగబా మేడెక్కి, ఎవరైనా కిందికి వెళ్ళి దాన్ని సాగనంపేదాకా కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు తాగుతాడు.

ఆ సంస్థ వేసేవన్నీ పాత కథలే. రాక్షసుడు రాకుమారిని ఎత్తుకుపోవడం, రాకుమారుడు వెతుక్కుంటూ బయల్దేరడం, దారిలో పేదరాసి పెద్దమ్మ ఇంట్లో బస చేయడం, రాక్షసుడి ప్రాణం ఎక్కడో ఏడు సముద్రాల అవతల చిలకలో ఉండటం, ఇవే. చోటు మాత్రం కొత్తగా ఉండాలి. అది యజమానురాలి పట్టుదల. సంపాదకురాలు కూడా ఆవిడే, ఆఫీసంతా మేడమ్ అంటారు. "ఇప్పటి పిల్లలు అడవి చూశారా, కోట చూశారా? చూడని చోట భయపడమంటే ఎలా భయపడతారు?" అంటుంది ఆవిడ. అందుకని ఆవిడ పుస్తకాల్లో అడవి కార్ల పార్కింగ్ అయింది. కోట ఆకాశాన్నంటే అపార్టుమెంటు అయింది. పేదరాసి పెద్దమ్మ బట్టలు ఉతికే మెషిన్ల దుకాణం పెట్టుకుంది. రాక్షసుడు రాకుమారిని సిటీబస్సులో ఎత్తుకుపోయాడు, అదీ ఇద్దరికీ టికెట్లు తీసుకుని. ఇంకో పుస్తకంలో చిలక బ్యాంకు లాకరులో ఉంటే రాకుమారుడు సగం కథ క్యూలోనే నిలబడ్డాడు. పిల్లలు ఆ క్యూ పేజీలే మళ్ళీ మళ్ళీ చదివించుకునేవాళ్ళట. చదివి వినిపించే పెద్దవాళ్ళకి మాత్రం తల ప్రాణం తోకకొచ్చేది.

మరి గోదాం గుమాస్తా రాక్షసుడెలా అయ్యాడంటే, ఆ పుణ్యం పాత ఆర్టిస్టుది. ఆయన్ని మాస్టారనేవాళ్ళు. చెయ్యి బంగారం, ఊహ మాత్రం సున్నా. కళ్ళెదుట లేనిదాన్ని గీయమంటే పెన్సిలు అంగుళం కదిలేది కాదు. "రాక్షసుణ్ణి గీయండి మాస్టారూ" అని మేడమ్ అడిగితే, "చూపించండి, గీస్తాను" అని చేతులు కట్టుక్కూర్చున్నాడు. మేడమ్ తల పట్టుకుంది. సరిగ్గా అప్పుడే పుస్తకాల కట్ట భుజాన వేసుకుని, ఆయాసంతో బుసకొడుతూ, గుమ్మం నిండా మన గుమాస్తాగారు వచ్చి నిలబడ్డాడు. మాస్టారు పెన్సిలు చెక్కుకున్నాడు.

అప్పట్నుంచి అదొక పద్ధతైపోయింది. కొత్త పుస్తకం మొదలైనప్పుడల్లా మధ్యాహ్నం పూట మేడ మీది కిటికీ గదిలో ఆఫీసువాళ్ళే వేషాలు కట్టేవాళ్ళు. రాజు అకౌంటెంటు. ఆయనకి ప్రత్యేకంగా వేషం అక్కర్లేదు, ఎవరైనా సెలవు అడిగినప్పుడు పెట్టే మొహం చాలు. ప్రూఫులు దిద్దే ముసలావిడ పేదరాసి పెద్దమ్మ. గుర్రం స్థానంలో స్టూలు, కిరీటం స్థానంలో అట్టముక్క. రాకుమారి దగ్గరే చిక్కొచ్చిపడింది. గంటలకొద్దీ రాక్షసుడి చేతుల్లో వేలాడటానికి ఆడపిల్లలెవరూ ఒప్పుకోలేదు, వాళ్ళని తప్పుపట్టాల్సిన పనీ లేదు. చివరికి తిరిగొచ్చిన పుస్తకాల బస్తాకి స్కార్ఫు చుట్టి రాకుమారిని చేశారు. మాస్టారికి అభ్యంతరం లేకపోయింది. మొహం తర్వాత ఎక్కడైనా చూసి తగిలిస్తానన్నాడు.

రాక్షసుడి ఉద్యోగం తేలికేమీ కాదు. పళ్ళడాక్టరు దగ్గరికెళ్ళిన రాక్షసుడి పుస్తకం కోసం ఆయన పూటంతా నోరు తెరుచుకుని కూర్చున్నాడు. సాయంత్రానికి దవడ పట్టేసింది. నోరు అలాగే పెట్టుకుని ఇంటికెళ్ళాడు. ఆ రోజే భార్య కిటికీలకి కొత్త కర్టెన్లు వేసి ఆయన కోసం ఎదురుచూస్తోంది. గుమ్మంలో నోరెళ్ళబెట్టి నిలబడ్డ మొగుణ్ణి చూసి, "అంత బావున్నాయా?" అని మురిసిపోయింది. ఆయన తల ఊపాడు. పెళ్ళయ్యాక తను కొన్నదాన్ని ఆయన అంతగా మెచ్చుకున్నది ఆ ఒక్కసారేనని ఆవిడ ఇప్పటికీ చెల్లెలితో చెప్పుకుంటుంది.

ఆవిడకి మొగుడి వేషం గొప్పగానే ఉండేది. పక్కవాటాలో కొత్తగా దిగినావిడ పరిచయానికి వచ్చి, "మీవారేం చేస్తుంటారండీ?" అని అడిగితే, ఉల్లిపాయలు తరుగుతున్న ఈవిడ కళ్ళు తుడుచుకుంటూ, "మావారు రాక్షసుడండీ, ఎన్నో ఏళ్ళ నుంచి" అంది. పొరుగావిడ కడుపు తరుక్కుపోయింది. ఈవిడ చెయ్యి పట్టుకుని, "మా ఇంట్లో ఒక గది ఖాళీగానే ఉంది. ఏ వేళప్పుడైనా సరే, తలుపు తట్టండి" అని చెప్పి వెళ్ళింది. ఎంత మంచిమనిషో అనుకుంది ఈవిడ. ఆ తర్వాత మెట్ల మీద ఆయన ఎప్పుడు పలకరించినా పొరుగావిడ మొహం అటు తిప్పుకుని వెళ్ళిపోయేది. ఎందుకో ఆయనకి ఇప్పటికీ తెలీదు.

ఆయన మాత్రం పైకి ఎప్పుడూ విసుక్కునేవాడు. "కింద నాకు బోలెడు పనుంది, ఈ వేషాలు నావల్ల కాదు" అంటూనే మెట్లెక్కేవాడు. ఎక్కేముందు మీసం దువ్వుకునేవాడు. గోదాంలో కిటికీ లేదు, ఒక బల్బు ఉంది. బయట ఎండ కాస్తోందో వాన పడుతోందో తెలియాలంటే కట్టలు తీసుకెళ్ళే వ్యాను డ్రైవరు చొక్కా చూడాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మాట్లాడటానికి ఇంకో మనిషి ఉండడు. అలాంటివాడికి ఆ కిటికీ గది, అందరూ చుట్టూ చేరడం, "ఇంకొంచెం కోపంగా, రాక్షసుడుగారూ" అని బతిమాలడం ఎంత ప్రాణమో ఆయనకే తెలీదు. ఉన్నన్నాళ్ళూ దేని విలువా తెలీని మనుషుల్లో ఆయనొకడు. అలాంటివాళ్ళని చూసి నవ్వుకోవచ్చు, కానీ మరీ ఎక్కువ నవ్వకూడదు.

మాస్టారు కళ్ళు సరిగా ఆనక ఉద్యోగం మానుకున్నాడు. ఆయన స్థానంలో కొత్తమ్మాయి వచ్చింది. మెళ్ళో కెమెరా, చేతిలో కంప్యూటరు పలక, నోట్లో మొహమాటం లేని నాలుక. చేరిన మొదటిరోజే పాత పుస్తకాలన్నీ బల్ల మీద పరుచుకుని చూసింది. చూసి చూసి, "మేడమ్, ఒక మాట అడగనా? ఈ రాక్షసుడు ఈ అమ్మాయిని ఎత్తుకుపోతున్నాడా, నిద్రపోయిన పిల్లని తెచ్చి మంచం మీద పడుకోబెడుతున్నాడా?" అంది.

మేడమ్ కళ్ళజోడు పెట్టుకుంది. ఒక పుస్తకం చూసింది, ఇంకోటి చూసింది. ఇన్నేళ్ళుగా తన కళ్ళెదుటే ఉన్న సంగతి ఆవిడకి ఇప్పుడు కనిపించింది.

తప్పు ఎక్కడ జరిగిందో ఆ ఆఫీసువాళ్ళకి తప్ప ఇంకెవరికీ అంతుపట్టదు. ఆయన చేతుల్లో ఉన్నది రాకుమారి కాదు, పుస్తకాల బస్తా. గోదాం మనిషి పుస్తకాలు ఎత్తితే ఒక చెయ్యి అడుగున పెడతాడు, రెండో చెయ్యి మూలలకి కాపు వేస్తాడు, అట్టలు మడతపడకుండా గుండెకి ఆనించుకుంటాడు. కోరలు పెట్టుకోమంటే పెట్టుకున్నాడు, గుడ్లు ఉరమమంటే ఉరిమాడు. బస్తాని విసురుగా పట్టుకోమంటే మాత్రం చేతులు ఆయన మాట వినలేదు. మాస్టారు చూసింది చూసినట్టు గీశాడు. దాంతో ఆ సంస్థ పుస్తకాల్లో రాక్షసుడు బస్సుల్లోంచి, లిఫ్టుల్లోంచి, బేకరీల్లోంచి రాకుమార్తెల్ని మహా భద్రంగా ఎత్తుకుపోతూ వచ్చాడు. రాకుమారుడొచ్చి విడిపించే పేజీలో "వాళ్ళ నాన్న దగ్గర్నుంచి ఎందుకు లాక్కుపోతున్నాడు?" అని ఏడ్చిన పిల్లలు కూడా ఉన్నారట. మేడమ్ అప్పట్లో ఆ పిల్లల తెలివినే అనుమానించింది.

"రాబోయే పుస్తకం రాక్షసుడి గోదాం కథ కదా మేడమ్. అందులో పిల్లలు నిజంగా భయపడాలి. మూలమీద జిమ్ మాస్టారున్నాడు, చూశారా? మెడే లేదు, తల నేరుగా భుజాల మీదికి దిగింది. ఆయన్ని పెట్టుకుందాం" అంది కొత్తమ్మాయి.

మేడమ్ నీళ్ళు నమిలింది. "ఎన్నాళ్ళ మనిషో. ఒక్క అవకాశం ఇద్దాం. శుక్రవారం ఫోటోలు తీద్దాం. భయం పుట్టించాడా సరే, లేదంటే నీ ఇష్టం" అంది.

ఈ మాటలన్నీ గుమ్మం బయట పుస్తకాల కట్ట మోసుకొస్తున్న రాక్షసుడుగారి చెవిన పడ్డాయి. ఆయన కట్ట అక్కడే దించి, అడుగులో అడుగు వేసుకుంటూ కిందికి వెళ్ళిపోయాడు. ఇన్నాళ్ళూ వద్దు వద్దన్న వేషం ఇప్పుడు ఎవడో మెడలేనివాడు పట్టుకుపోతాడనేసరికి గుండె జారిపోయింది. బల్బు కింద స్టూలు మీద కూర్చుని చాలాసేపు లేవలేదు. ఆ పూట ఆయన కట్టిన కట్టలన్నీ వంకరగానే వచ్చాయి.

ఇక సాధన మొదలైంది. ఇంట్లో అద్దం ముందు నిలబడి పళ్ళు బయటపెట్టాడు, ముక్కుపుటాలు ఎగరేశాడు. భార్య వెనకనుంచి చూసి, "పంటినొప్పా?" అంది.

"కోపం."

"ఎవరిమీద?"

"ఎవరిమీదా కాదు."

"ఎవరిమీదా కాని కోపం ఎలా వస్తుందండీ, మీరు మరీను. మీకు కోపం రావడం నేను ఒక్కసారే చూశాను. మీ తమ్ముడు బురదబూట్లతో వచ్చి, మీరు ఇంటికి తెచ్చుకున్న కొత్తపుస్తకాల కట్ట మీద కూర్చున్నాడే, ఆ రోజు. నాకే వణుకొచ్చింది."

"అరిచానా నేను?"

"అరిచారా అని మెల్లగా అడుగుతున్నారా? మీ తమ్ముడు ఆనాటి నుంచీ ఫోన్ చేసి, గుమ్మంలో బూట్లు విప్పి మరీ వస్తున్నాడు."

ఆయనకి అదేమీ గుర్తులేదు. అరిచింది ఇంకెవరో అయినట్టు ఆశ్చర్యపోయి, మళ్ళీ అద్దం వైపు తిరిగాడు.

అద్దంలో కుదరక మెట్ల కింద పడుకునే పిల్లి మీద ప్రయత్నించాడు. చుట్టుపక్కల ఎవరూ లేకుండా చూసుకుని, వంగి, పొట్టలోంచి ఒక గుర్రు తీశాడు. పిల్లి ఒకకన్ను తెరిచి చూసి, ఒళ్ళు విరుచుకుని వచ్చి ఆయన కాళ్ళకి రాసుకుంది. ఆయన దాని తల నిమిరి, తప్పు చేసినవాడిలా లేచి వచ్చాడు.

చివరికి అకౌంటెంటుని ఆశ్రయించాడు. రాజు పాత్రలో తలపండినవాడు కదా, ఏదైనా కిటుకు చెబుతాడని. అకౌంటెంటు కుర్చీలో వెనక్కి వాలి, "ఇందులో ఏముందండీ? అవతలివాడు అడగబోయేది ముందే తెలిసినట్టు చూడాలి. ఇవ్వనని ముందే నిర్ణయించేసుకుని చూడాలి. ఏదీ, నేను సెలవు అడగడానికి వచ్చాననుకోండి" అని తలుపు బయటికి వెళ్ళి, చేతులు నలుపుకుంటూ, బిక్కమొహం వేసుకుని లోపలికొచ్చాడు. రాక్షసుడుగారు కనుబొమ ముడిచాడు. అకౌంటెంటు నోరు విప్పకముందే, "పోనీలెండి, రెండ్రోజులు తీసుకోండి, ఇంట్లో ఎవరికి బాగోలేదు?" అన్నాడు. ఇలాంటివాళ్ళు లోకంలో ఉండబట్టే తను రాజుగా బతకాల్సి వస్తోందని అకౌంటెంటు గొణుక్కున్నాడు.

శుక్రవారం రానే వచ్చింది. గోదాం కథ కాబట్టి ఫోటోలు గోదాంలోనే అంది కొత్తమ్మాయి. బస్తాల రాకుమార్తెలు తన దగ్గర చెల్లవని ముందే చెప్పేసింది. తన కూతుర్నే వెంటబెట్టుకొచ్చింది. ఆ పిల్లని ఇంట్లో పిచ్చుక అంటారు, ఎందుకో చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఒకచోట కాలు నిలవదు. బొద్దుగా, ముందుపళ్ళు రెండూ ఊడి, చేతిలో పళ్ళరసం డబ్బా, కాళ్ళకి దారిలో ఉన్న మడుగులన్నీ వదలకుండా తొక్కుకొచ్చిన బూట్లు.

రాక్షసుడుగారు బీరువాల వెనకాల వేషంలో ఉన్నాడు. ప్యాకింగుకి వాడే నల్లగుడ్డ భుజాల మీంచి కప్పుకున్నాడు. అట్టముక్కలతో చేసిన కోరలు పెదవుల కింద ఇరికించుకున్నాడు. భయపెట్టాల్సినవాడు తనే ఇలా వణుకుతుంటే ఇంక పని జరిగినట్టేనని తనమీద తనకే జాలేసింది. జిమ్ మాస్టారి భుజాలు పదేపదే కళ్ళముందు కదిలాయి. కొత్తమ్మాయి లైట్లు సర్దుకుంటూ, "నేను పిలిచినప్పుడు బయటికి రండి" అని కేకేసింది.

ఆవిడ పిలవనే లేదు. ఆయన బీరువాల సందులోంచి మామూలుగా ఒకసారి తొంగిచూశాడు. పొద్దున్నే అచ్చయి వచ్చిన పుస్తకాలు, ఇంకా కాగితం కూడా చుట్టని కొత్త కట్టలు, సిరా వాసన పోనివి. ఆ దొంతర మీద పిచ్చుక నిలబడి ఉంది. బురదబూట్లతో. డబ్బా తలకిందులు చేసి, అడుగున మిగిలిన రసం ఎలా కారుతుందో శ్రద్ధగా చూస్తోంది.

ఆ తర్వాత ఏం జరిగిందో ఆయన్ని అడిగితే లాభం లేదు, ఆయనకి తెలీదు. గోదాంలో బల్బు ఊగింది. మేడ మీద ప్రూఫులు దిద్దే ముసలావిడ భూకంపమని టేబులు కిందికి దూరింది. కోరలు ఎగిరి రెండువైపులా పడ్డాయి. కనుబొమ నిట్టనిలువునా లేచింది, మీసం విచ్చుకుంది, కళ్ళల్లో నిప్పులు కురిశాయి. "దిగు" అన్నాడాయన. ఆ ఒక్కమాటే అన్నాడు. కొత్తమ్మాయి చేతిలో కెమెరా దానంతటదే నొక్కుకుంది.

పిచ్చుక దిగింది. దిగడం కాదు, జారిపడ్డట్టు కిందికొచ్చి, ఏడవడానికి కూడా ఊపిరి చాలక, కట్టలు కట్టే బల్ల కిందికి దూరిపోయింది. తల్లి కెమెరా వదిలేసి పరిగెత్తింది. "ఏం లేదు కన్నా, ఏం లేదు, బయటికి రా" అని ఎంత బతిమాలినా బల్ల కింద నుంచి వెక్కిళ్ళు తప్ప మాట రాలేదు.

చప్పుడు విని మేడమ్ ఆయాసపడుతూ మెట్లు దిగింది. ముందు పిల్లని చూసింది, పిల్లకి దెబ్బ తగల్లేదని తెలుసుకుంది. తర్వాత కెమెరా చేతిలోకి తీసుకుని ఆ ఫోటో చూసింది. చూసి ఒక అడుగు వెనక్కి వేసింది.

"రాక్షసుడుగారూ, ఇన్నాళ్ళూ ఈ మొహం ఎక్కడ దాచారండీ? జిమ్ మాస్టారూ వద్దు, ఇంకెవరూ వద్దు. నేనున్నంతకాలం నా పుస్తకాల్లో రాక్షసుడు మీరే. పిల్ల కుదుటపడ్డాక ఇదే మొహం ఇంకొన్ని పేజీలకి కావాలి" అంది.

వారం రోజులుగా ఏ మాట కోసం అద్దం ముందు చచ్చాడో ఆ మాట అది. ఆయన కెమెరా అందుకుని చూసుకున్నాడు. ఫోటో నిండా ఎవడో ఉన్నాడు, చూస్తే తనకే భయమేసేలా. ఫోటో మూలన, కట్టల మీద, పిచ్చుక మొహం ఉంది. నోరు తెరుచుకుని, ఊడిన పళ్ళ ఖాళీ కనబడుతూ. ఆయన ఆ మూలకేసే చూస్తూ ఉండిపోయాడు.

"దీన్ని తీసెయ్యమ్మా" అన్నాడు కొత్తమ్మాయితో. తర్వాత మేడమ్ వైపు తిరిగి, "ఇంకోసారి ఆ మొహం పెట్టడం నావల్ల కాదండీ. ఆ జిమ్ మాస్టారికే కబురుపెట్టండి" అన్నాడు. గొంతు మామూలుకన్నా చిన్నగా వచ్చింది.

ఆయన నల్లగుడ్డ తీసి పక్కన పెట్టి, బల్ల దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బల్ల కింద దూరబోతే తలా ఒక భుజమూ పట్టాయి, మిగతా మనిషి బయటే ఉండిపోయాడు. ముందుకీ వెళ్ళలేడు, వెనక్కీ రాలేడు. ఇరుక్కున్నవాడు ఇరుక్కున్నట్టే మాట్లాడాడు.

"నేను రాక్షసుణ్ణి కాను తల్లీ. ఇక్కడ గుమాస్తాని. పుస్తకాలు కట్టలు కడుతుంటాను. నాకు బల్లిని చూసినా భయమే."

"అబద్ధం" అంది చీకట్లోంచి పిచ్చుక. "నువ్వు రాక్షసుడివే. బస్సులో ఉన్నావు. బేకరీలో ఉన్నావు. పళ్ళడాక్టరు దగ్గర కూడా ఉన్నావు. మా ఇంట్లో అన్ని పుస్తకాలూ ఉన్నాయి."

సాక్ష్యాలన్నీ ఆయనకి వ్యతిరేకంగానే ఉన్నాయి, పైగా అన్నీ ఈ గోదాంలోంచి ఆయన చేత్తో పంపినవే.

"ఉన్నాను" అని ఒప్పుకున్నాడు. "అదంతా ఉత్తుత్తికే. ఇందాక అరిచింది మాత్రం ఉత్తుత్తిది కాదు. పుస్తకాలు పాడైపోతాయని కోపమొచ్చింది. నీ అంత పిల్ల మీద అలా అరవకూడదు. నాది తప్పు."

పెద్దవాళ్ళు తమది తప్పని చెప్పడం ఆ పిల్లకి పెద్దగా అలవాటున్నట్టు లేదు. వెక్కిళ్ళు తగ్గాయి. ఆయన మీసం మీదున్న దుమ్ముని పరీక్షగా చూసింది.

"అయితే ఇప్పుడు రాక్షసిని నేను" అంది.

"నేనో?"

"నువ్వు రాకుమారివి."

తల్లీ మేడమూ చెరో కాలూ పట్టుకుని లాగితే రాకుమారి బల్ల కింద నుంచి ఊడి వచ్చింది. ఆ తర్వాత గోదాంలో జరిగినదానికి మేడమ్ సాక్షి కాబట్టి సరిపోయింది, లేకపోతే ఎవరూ నమ్మరు. మీసాల రాకుమారి నెత్తిన బుడగల ప్లాస్టిక్కుతో చుట్టిన కిరీటం పెట్టుకుంది. భుజాల మీద ప్యాకింగు కాగితం కప్పుకుని, స్టూలు మీద ఒద్దికగా కూర్చుంది. కూర్చునే ముందు, కింద కొత్తపుస్తకాలు ఏవీ లేవని చూసుకుంది. రాక్షసి నల్లగుడ్డ ఈడ్చుకుంటూ, అందులోనే రెండుసార్లు కాలు పడి తట్టుకుని, ఊడిన పళ్ళ మధ్య అట్టకోర ఒకటి ఇరికించుకుని ముందుకొచ్చింది.

"గర్‌ర్" అంది రాక్షసి.

"అమ్మో" అన్నాడు రాకుమారి, రెండుచేతులూ చెంపల మీద పెట్టుకుని.

రాక్షసి ఆగిపోయింది. "అలా కాదు. నిజంగా భయపడు."

ఆయన మళ్ళీ ప్రయత్నించాడు. కళ్ళు మూసుకున్నాడు, ఒళ్ళు కుదించుకున్నాడు. పిచ్చుక ఒప్పుకోలేదు. "నిజంగా" అంది, కాలు నేలకేసి కొట్టి.

నిజంగా అంటే ఆయనకి బల్లి గుర్తుకురావాలి. రాలేదు. వచ్చే సోమవారం గుర్తుకొచ్చింది. జిమ్ మాస్టారు మెట్లెక్కి ఆ కిటికీ గదిలోకి వెళతాడు. అందరూ ఆయన చుట్టూ చేరి నవ్వుతుంటారు. ఆ నవ్వులు కిందికి వినిపిస్తాయి. కింద తనుంటాడు, ఇన్ని పుస్తకాలుంటాయి, ఒక బల్బుంటుంది. రాక్షసుడుగారూ అని మెట్ల మీంచి పిలవడానికి ఎవరికీ పనుండదు. కొన్నాళ్ళకి ఆ పిలుపు కూడా మర్చిపోతారు. ఆయన మొహం దానంతటదే మారిపోయింది. మీసం వాలింది, పెదవి వణికింది, అంత భారీ మనిషీ స్టూలు మీద చిన్నబోయి కూర్చున్నాడు.

రాక్షసి ఆ మొహం చూసింది. కోర నోట్లోంచి తీసేసింది. నల్లగుడ్డ కింద పడేసి, దగ్గరికొచ్చి, ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది.

"నేను రాక్షసిని కాను" అంది నెమ్మదిగా. "పిచ్చుకని. ఉత్తుత్తికే."

కొత్తమ్మాయి ఈసారి కెమెరా చేతుల్లో పట్టుకుని, నొక్కనా అన్నట్టు ఆయన వైపు చూసింది. ఆయన తల ఊపాక నొక్కింది. జిమ్ మాస్టారి సంగతి ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. వచ్చే నెల దుకాణాల్లోకి వెళ్ళే పుస్తకం అట్ట మీద రాకుమారికి మీసాలుంటాయి, రాక్షసి ఆయన మోకాలెత్తు ఉంటుంది. కింద గోదాంలో తీసిన ఫోటోలు ఎన్ని ఉన్నా మేడమ్ ఆ ఒక్కదాన్నే చూపించి, "ఇదే" అంది.

అందరూ లేచి మెట్ల వైపు నడుస్తుంటే పిచ్చుక వెనక్కి తిరిగొచ్చింది. కిరీటం తీసుకుంటున్న ఆయన వేలు పట్టుకుని, బాగా ఆలోచించుకున్న మొహంతో చెప్పింది.

"మళ్ళీ వచ్చినప్పుడు నువ్వు రాక్షసుడివి. కానీ కొంచెమే."

కొంచెమేనని ఆయన మాటిచ్చాడు.